సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్: వృత్తి ప్రమాణాలు, జవాబుదారీతనం

నిర్వచనం, పరిధి

సాఫ్ట్‌వేర్‌ను రూపొందించి, పరీక్షించి, నడిపించే పనిలో పాటించవలసిన సాంకేతిక, నైతిక నియమాలు వృత్తి ప్రమాణాలు. ఆ పని వల్ల నష్టం జరిగితే ఎవరు ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి, ఏ శిక్షకు లేదా పరిహారానికి కట్టుబడాలి అన్నది జవాబుదారీతనం. వైద్యం, న్యాయవాదం, చార్టర్డ్ అకౌంటెన్సీ వంటి వృత్తుల్లో ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. నియమాలు పెట్టే మండలికే తప్పు చేసినవారి పేరును రిజిస్టరులోంచి కొట్టేసే అధికారం ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇవి మొదటి నుంచీ వేరువేరు దారుల్లో నడిచాయి. ప్రమాణాలను సంఘాలు, అంతర్జాతీయ సంస్థలు రాస్తాయి. సంజాయిషీ మాత్రం కోర్టులు, నియంత్రణ సంస్థలు, విచారణ సంఘాలు అడుగుతాయి, అదీ చాలాసార్లు ప్రమాదం జరిగాకే.

ఏ ప్రమాణాన్ని చూసినా అది దేనికి వర్తిస్తుందో ముందు తేల్చుకోవాలి. నియమావళి, లైసెన్సు మనిషికి వర్తిస్తాయి. సీఎంఎంఐ అనే కొలమానంలో వచ్చే స్థాయి సంస్థ పనితీరుకు వర్తిస్తుంది. విమాన సాఫ్ట్‌వేర్ ధ్రువీకరణ తయారైన వస్తువుకు వర్తిస్తుంది. కంపెనీల ప్రకటనల్లో ఈ మూడూ కలగాపులగం కావడం మామూలే.

చరిత్ర

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో నాటో సైన్స్ కమిటీ ఒక సమావేశం జరిపింది. గడువు దాటిపోయే ప్రాజెక్టులు, అంచనాలు మించే ఖర్చు, నమ్మకంగా నడవని ప్రోగ్రాములు అక్కడ చర్చకు వచ్చాయి. ప్రోగ్రాముల తయారీ కూడా వంతెనల నిర్మాణంలా శాస్త్రబద్ధంగా సాగాలన్న వాదనకు ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్’ అన్న ఆ సమావేశం పేరులోనే చోటిచ్చారు. మరుసటి ఏడు రోమ్‌లో రెండో సమావేశం జరిగింది. 1947లో ఏర్పడిన కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం, 1972లో సభ్యుల కోసం ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది.

1980లలో చర్చ ప్రయోగశాల దాటి బయటికొచ్చింది. అమెరికా క్షిపణి రక్షణ పథకానికి సలహాదారుగా ఉన్న డేవిడ్ పార్నాస్ 1985లో ఆ పథకం సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ఆ పథకానికి అవసరమైన సాఫ్ట్‌వేర్‌ను నమ్మదగినంతగా పరీక్షించే మార్గమే లేదని కారణాలతో సహా రాసి ఇచ్చారు. నిపుణుడు తన అంచనాకు తానే పూచీ పడి, డబ్బొచ్చే పని వదులుకున్న సందర్భంగా దీన్ని నైతిక శాస్త్ర పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. అదే కాలంలో కెనడాలో తయారైన థెరాక్-25 వైద్య యంత్రం రోగుల ప్రాణాలు తీసింది (చూ. ప్రధాన ఘటనలు).

నైతిక నియమావళులు

ఏసీఎం, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ కలిసి తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నియమావళి 1999లో ఆమోదం పొందింది. డొనాల్డ్ గాటర్‌బార్న్ నాయకత్వంలోని బృందం దాన్ని ఎనిమిది సూత్రాలుగా కూర్చింది: ప్రజాహితం, ఖాతాదారు-యజమాని, ఉత్పత్తి, స్వతంత్ర నిర్ణయం, నిర్వహణ, వృత్తి, సహోద్యోగులు, స్వీయ వికాసం. వరుసలో ప్రజాహితం మొదట రావడం యాదృచ్ఛికం కాదు. యజమాని ప్రయోజనానికి పని చేయమంటూనే, అది ప్రజాహితానికి లోబడి ఉండాలని నియమావళి షరతు పెట్టింది. ఏసీఎం తన సాధారణ నియమావళిని 1992లో, మళ్లీ 2018లో తిరగరాసింది. బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీకి, 1965లో ఏర్పడిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియాకూ ఇలాంటివే ఉన్నాయి.

వీటి బలం పరిమితం. ఉల్లంఘనకు ఏసీఎం వేయగల గరిష్ఠ శిక్ష సభ్యత్వం రద్దు. సభ్యత్వం లేకుండానే జీవితమంతా ఈ పని చేయవచ్చు కాబట్టి ఆ శిక్షతో పోయే ఉద్యోగం ఉండదు. 2018లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 63 మంది విద్యార్థులకు, 105 మంది డెవలపర్లకు నైతిక సందిగ్ధాలున్న సందర్భాలు ఇచ్చి చూశారు. నియమావళిని చదివించినవారి నిర్ణయాలకూ చదవనివారి నిర్ణయాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం ఈ పరిమితిని బయటపెట్టింది. కారు పరీక్షశాలలో ఉందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను అదుపులో పెట్టే సాఫ్ట్‌వేర్ సంగతి 2015 సెప్టెంబరులో బయటికొచ్చింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో అది ఉంది. అమెరికా కోర్టు 2017లో ఒక ఇంజినీరుకు 40 నెలల జైలు విధించింది. ఆ శిక్ష పడింది క్రిమినల్ చట్టం కింద, వృత్తి నియమావళి కింద కాదు.

లైసెన్సు, హోదా

హైదరాబాద్‌లో బహుళ అంతస్తుల భవనానికి అనుమతి కావాలంటే ప్లాను మీద లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉండాలి. అదే నగరంలో తయారయ్యే బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు అలాంటి సంతకం అక్కర్లేదు. భారతదేశంలో న్యాయవాదులకు 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఉన్నట్టు ఇంజినీర్లందరికీ వర్తించే జాతీయ లైసెన్సు చట్టం లేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అన్న హోదా ఆఫర్ లెటర్‌తో వస్తుంది, రాజీనామాతో పోతుంది.

సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో ఈ తేడా దగ్గరగా కనిపిస్తుంది. 2009 జనవరి 7న మోసం బయటపడ్డాక జరిగిన దర్యాప్తులో, సంస్థ ఇన్వాయిస్‌ల సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఉద్యోగులకు కనపడకుండా దాచిన ఏడు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌లు దొరికాయి. లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్లను పిలిచి విచారించడానికి చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ఉంది. బిల్లులను తెర వెనక్కి నెట్టే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉండవచ్చా అని అడగడానికి ఏ వృత్తి మండలీ లేదు. నేరం సంగతి కోర్టు చూసింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చింది.

లైసెన్సు ప్రయత్నాలు ఇతర దేశాల్లో జరిగాయి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్ర ఇంజినీర్ల బోర్డు 1998లో సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సుకు అర్హమైన శాఖగా గుర్తించింది. ఈ రంగంలో జ్ఞానం ఇంకా స్థిరపడలేదని, లైసెన్సు ఇస్తే జనానికి లేనిపోని భరోసా కలుగుతుందని ఏసీఎం 1999లో వ్యతిరేకించింది. ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ మాత్రం వృత్తికి అవసరమైన విషయ పరిజ్ఞానాన్ని స్వెబాక్ అనే గ్రంథంగా కూర్చే పని కొనసాగించింది. దాని కూర్పులు 2004, 2014, 2024లలో వచ్చాయి. అమెరికాలో జాతీయ స్థాయి లైసెన్సు పరీక్ష 2013లో మొదలైంది. అయిదుసార్లు జరిపితే మొత్తం 81 మందే రాయడంతో 2019 ఏప్రిల్ తర్వాత ఆపేశారు.

కెనడాలో ఇంజినీరు అన్న హోదాకే చట్టరక్షణ ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ఇంజినీర్ల సంఘాలకూ దీనిపై ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. అల్బర్టా ప్రావిన్సులో 2023లో కోర్టు, ఆ వెంటే చట్టసభ కూడా ఆ హోదాను సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వాడుకునే వీలు కల్పించాయి. బ్రిటన్‌లో ఇంజినీరు అన్న పదం ఎవరైనా వాడుకోవచ్చు, చార్టర్డ్ ఇంజినీరు అన్నదానికే రక్షణ.

సాంకేతిక ప్రమాణాలు

ప్రక్రియ ప్రమాణాలు. సాఫ్ట్‌వేర్ పుట్టుక నుంచి విరమణ దాకా జరగవలసిన పనులను 1995లో మొదట వెలువడిన 12207 అంతర్జాతీయ ప్రమాణం వర్గీకరించింది. భారతీయ పరిశ్రమకు ఇంతకంటే దగ్గరిది సీఎంఎం; సీఎంఎంఐ దాని తర్వాతి రూపం. అమెరికా రక్షణ శాఖ నిధులతో 1984లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్, వాట్స్ హంఫ్రీ ఆలోచనల ఆధారంగా దీన్ని రూపొందించింది. మొదటి స్థాయి అంటే కొద్దిమంది సమర్థుల మీద ఆధారపడి ఎలాగో పని గట్టెక్కించే సంస్థ. అయిదో స్థాయి అంటే కొలతలతో తన లోపాలను తానే సవరించుకునే సంస్థ. 1990ల చివరికి అయిదో స్థాయి అందుకున్న సంస్థల్లో భారతీయ కంపెనీలు పెద్ద వాటా దక్కించుకున్నాయి. పశ్చిమ దేశాల ఖాతాదారులకు పని తెచ్చిపెట్టే అర్హతగా అది పనికొచ్చింది. ఆ పత్రం సంస్థ అలవాట్ల గురించి చెబుతుందే తప్ప, అక్కడ తయారైన ఒక ఫలానా ప్రోగ్రాము మంచిదో కాదో చెప్పదు.

భద్రతా ప్రమాణాలు. విమానాలు, కార్లు, వైద్య పరికరాల్లో ప్రమాణం పాటించకపోతే ఉత్పత్తి అమ్ముడుపోదు. విమాన సాఫ్ట్‌వేర్‌కు డీఓ-178సీ (2011), కార్లకు ఐఎస్ఓ 26262 (2011), వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304 (2006) వర్తిస్తాయి. అన్నింటి వరసా ఒకటే. ముందు సాఫ్ట్‌వేర్ విఫలమైతే ఎంత ముప్పో తేల్చాలి, ముప్పును బట్టి తనిఖీ పెంచాలి.

డీఓ-178సీలో ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు అయిదు స్థాయులు. విఫలమైతే విమానమే కూలిపోయే సాఫ్ట్‌వేర్ ‘ఏ’ స్థాయి కిందికి వస్తుంది. అది 71 లక్ష్యాలు చేరాలి. ప్రతి అవసరానికీ దాన్ని తీర్చే కోడ్, ఆ కోడ్‌కు దాని పరీక్ష ముడిపెట్టి చూపాలి. కొన్ని తనిఖీలు కోడ్ రాసినవారు కాక వేరేవారే చేయాలి. పరీక్షల లోతు కూడా ఎక్కువే. చక్రాలు దిగాయి, ఎత్తు తగ్గింది, వేగం పరిమితిలో ఉంది అన్న మూడు షరతులు కలిస్తేనే ఒక ఆజ్ఞ వెలువడుతుందనుకుందాం. మిగతా రెండూ కదలకుండా ఉండగా ఒక్కో షరతు విడిగా ఫలితాన్ని మార్చగలదని పరీక్షలో నిరూపించాలి.

ఇంత చేసినా అవసరమే తప్పుగా రాసుకుంటే ప్రమాణం కాపాడదు. బోయింగ్ 737 మ్యాక్స్‌లోని ఎమ్‌క్యాస్ అన్న సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మి విమానం ముక్కును పదేపదే కిందికి వంచింది. తోక రెక్కను అది ఒకసారికి తిప్పగల పరిమితిని రూపకల్పన మధ్యలో 0.6 డిగ్రీల నుంచి 2.5 డిగ్రీలకు పెంచారు. ముప్పు అంచనాను ఆ మేరకు తిరిగి చూడలేదు. 2018 అక్టోబరు 29న ఇండొనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు. కోడ్ రాసుకున్నది రాసుకున్నట్టే పని చేసింది.

పని చోట అమలు

కార్యాలయంలో జవాబుదారీతనం రోజువారీ పద్ధతుల్లో ఉంటుంది. ఏ వరుస కోడ్ ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ వంటి పరికరాల్లో నమోదవుతుంది. మార్పును ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే ప్రధాన శాఖలో కలుపుతారు. ఆపై టెస్టింగ్, ఖాతాదారు సైన్ ఆఫ్, మార్పు టికెట్ దాటాకే ప్రొడక్షన్‌కు వెళుతుంది. ఇంత నమోదు మరే ఇంజినీరింగ్ శాఖలోనూ ఉండదేమో. అయినా రికార్డు ఉన్నంత మాత్రాన పూచీ ఉన్నట్టు కాదు. రాసినవారు ఒకరు, చూసినవారు మరొకరు, గడువు పెట్టినవారు ఇంకొకరు కావడంతో తప్పు అందరిలోనూ కరిగిపోతుంది.

ఈ పద్ధతుల్లో ఒక్కటి తప్పితే ఏమవుతుందో నైట్ క్యాపిటల్ ఉదంతం చూపింది. 2012లో ఈ అమెరికన్ షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ వేయాల్సి ఉండగా ఏడింటిలోనే వేసింది. ఎనిమిదో దాంట్లో ఏళ్ల క్రితం వాడకం మానేసిన పాత కోడ్ ఆగస్టు 1 ఉదయం మేల్కొని, సుమారు 45 నిమిషాలు ఆగకుండా ఆర్డర్లు పెట్టింది. నష్టం 44 కోట్ల డాలర్లు మించింది. వేసిన కోడ్‌ను రెండో ఉద్యోగి సరిచూడాలన్న లిఖిత నియమం ఆ సంస్థలో లేదని నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తన ఉత్తర్వులో పేర్కొని 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. జరిమానా సంస్థ మీద పడింది.

ప్రమాదం తర్వాత మూలకారణ విశ్లేషణ రాస్తారు. మన కంపెనీల్లో దీన్ని ఆర్‌సీఏ అంటారు. ఎవరు చేశారని కాక ఏ ఏర్పాటు ఆ తప్పును జరగనిచ్చిందని వెతకాలన్న ‘నింద లేని’ పద్ధతి విమానయానం, వైద్యం నుంచి వచ్చింది. గూగుల్ ఇంజినీర్లు 2016లో వెలువరించిన పుస్తకంతో బాగా వ్యాపించింది. శిక్ష భయం లేనప్పుడే ఉద్యోగులు నిజం చెబుతారన్నది దీని ఆధారం. నిందతోపాటు పూచీ కూడా మాయమవుతుందన్నది దీనిపై ఉన్న విమర్శ. పైగా ఈ పత్రాలు చాలా వరకు బయటివారికి చేరవు.

ప్రధాన ఘటనలు

థెరాక్-25. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే ఈ యంత్రం వల్ల 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదు మించి తగిలింది. కనీసం ముగ్గురు చనిపోయారు. పాత నమూనాల్లో ఉన్న యాంత్రిక రక్షణలను తీసేసి ఆ భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. టెక్సాస్‌లోని టైలర్ ఆసుపత్రిలో ఆపరేటరు ఎలక్ట్రాన్ కిరణానికి బదులు ఎక్స్-రే అని పొరపాటున కొట్టి, వెంటనే సరిదిద్దింది. అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే ఎనిమిది సెకన్ల లోపే సవరణ పూర్తయితే ప్రోగ్రాములో ఒక భాగానికి ఆ మార్పు తెలిసేది కాదు. తెరపై ‘మాల్‌ఫంక్షన్ 54’ అని మాత్రం వచ్చింది. అలాంటి సందేశాలు రోజూ వచ్చేవే కాబట్టి ఆమె కొనసాగించే మీట నొక్కింది. ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, ఆపరేటరు కలిసి అదే వేగంతో పదేపదే టైపు చేసి చూసి తప్పును బయటపెట్టారు. అంతకు ముందు తయారీ సంస్థ అధిక మోతాదు అసాధ్యమని ఆసుపత్రులకు చెబుతూ వచ్చింది. సాఫ్ట్‌వేర్ చాలా వరకు ఒక్కరే రాశారు. ఆ వ్యక్తి అర్హతలేమిటో తర్వాతి వ్యాజ్యాల్లోనూ తేలలేదు. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన విశ్లేషణ ఈ రంగంలో ప్రామాణిక పాఠం.

హొరైజన్. బ్రిటిష్ పోస్టాఫీసుల లెక్కల కోసం 1999 నుంచి వాడిన ఈ వ్యవస్థ ఫుజిట్సు సంస్థది. లేని లోటును ఉన్నట్టు చూపడంతో పోస్టాఫీసులు నడిపే చిన్న వ్యాపారులను దొంగలుగా నిలబెట్టారు. 1999-2015 మధ్య 900 మందికి పైగా శిక్ష పడింది. ఒప్పందం ప్రకారం లోటు వారే కట్టుకోవాలి. ఫోను చేసి అడిగితే ఇలాంటి సమస్య మీ ఒక్కరికే వచ్చిందని చెప్పేవారు. ఫుజిట్సు లోపల మాత్రం తెలిసిన లోపాల చిట్టా ఒకటి నడిచేది. శాఖల ఖాతాలను దూరం నుంచి మార్చే వీలు కూడా ఉండేది. కంప్యూటరు సరిగ్గానే పని చేస్తుందని కోర్టు ముందే అనుకోవాలన్న న్యాయసూత్రం ఇంగ్లండ్‌లో అమల్లో ఉండటంతో తప్పు నిరూపించే భారం నిందితుల మీదే పడింది. చూడ్డానికి వీల్లేని యంత్రంలో లోపం చూపించమనడం ఎంత న్యాయమో చెప్పనక్కర్లేదు. 2019లో హైకోర్టు వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దు చేసింది. మిగిలినవారిలో ఎక్కువ మంది శిక్షలను 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి తొలగించింది.

తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు. 2019 ఏప్రిల్‌లో తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థుల ఫలితాలను కొత్తగా ఒక ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేర్‌తో వెలువరించారు. హాజరైనవారికి గైర్హాజరని, మంచి మార్కులు రావలసినవారికి ఫెయిలని మెమోలు వచ్చాయి. ఇరవై మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ మరణాలకు ఫలితాల్లో తప్పులు కారణం కాదని బోర్డు, ప్రభుత్వం అన్నాయి. ముగ్గురు సభ్యుల సంఘం సాఫ్ట్‌వేర్‌లోనూ, పనితీరులోనూ లోపాలున్నాయని నివేదించింది. ఫెయిలైన మూడు లక్షలకు పైగా విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా గట్టెక్కారు. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులు 00గా నమోదైన ఉదంతంలో ఓఎంఆర్ పత్రంపై తప్పుగా గుర్తించిన అధ్యాపకురాలికి ₹5,000 జరిమానా వేశారు, సరిచూడవలసిన ఉద్యోగిని సస్పెండ్ చేశారు. చేత్తో జరిగిన తప్పుకు ఒక పేరు, ఒక సంతకం ఉన్నాయి కాబట్టి ఆ చర్య వారాల్లో పూర్తయింది.

చట్టం

సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒప్పందాల్లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ ఇస్తున్నామని, నష్టాలకు పూచీ లేదని రాయడం దశాబ్దాలుగా ఆనవాయితీ. దీన్ని దాటే మార్గాలు ఒక్కో దేశంలో ఒక్కో రకం.

భారత సుప్రీంకోర్టు 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో, డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ అమ్మకం పన్ను కోసం సరుకేనని తీర్పిచ్చింది. పన్నుకు సరుకైనది పూచీకి కూడా సరుకవుతుందా అన్నది వేరే ప్రశ్న. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్ట ఉత్పత్తికి తయారీదారును బాధ్యుణ్ని చేసింది గానీ, ఉత్పత్తి నిర్వచనంలో సాఫ్ట్‌వేర్ పేరెత్తలేదు. సమాచార భద్రత వైపు నియమాలు ఇంతకంటే స్పష్టం. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలపాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో గరిష్ఠ జరిమానా ₹250 కోట్లు. ఇవన్నీ సంస్థల మీద పడే బాధ్యతలు.

యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు వేసింది. 1985 నాటి ఉత్పత్తి బాధ్యత ఆదేశం స్థానంలో 2024లో తెచ్చిన కొత్త ఆదేశం సాఫ్ట్‌వేర్‌ను సూటిగా ఉత్పత్తి అంది. సభ్యదేశాలు 2026 డిసెంబరు 9 లోగా దాన్ని తమ చట్టాల్లో చేర్చుకోవాలి. లోపభూయిష్టమైన సాఫ్ట్‌వేర్ వల్ల గాయపడినవారు తయారీదారు అజాగ్రత్తను నిరూపించనక్కర్లేదు, లోపాన్నీ, నష్టాన్నీ, ఆ రెంటి మధ్య సంబంధాన్నీ చూపితే చాలు. సాంకేతిక సంక్లిష్టత వల్ల అదీ కష్టమైతే, కొన్ని సందర్భాల్లో లోపం ఉన్నట్టు కోర్టు భావించవచ్చు. హొరైజన్ కేసుల్లో నడిచిన న్యాయసూత్రానికి ఇది తలకిందులు.

ఓపెన్ సోర్స్ స్థానం

నేటి సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పంచిన ఓపెన్ సోర్స్ కోడ్. దాంట్లో కొంత జీతం లేకుండా రాసినవారిది. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో బయటపడిన భద్రతా లోపం ప్రపంచమంతా సర్వర్లను ముప్పులో పడేసినప్పుడు, దాన్ని చూసుకుంటున్నది కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలని చాలామందికి అప్పుడే తెలిసింది. లాభం లేకుండా పంచిన కోడ్‌కు రాసినవారిని బాధ్యులను చేయాలా, దాన్ని తీసుకుని అమ్ముకునేవారినా అన్న ప్రశ్నకు 2024 నాటి యూరోపియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టం రెండోదాన్నే జవాబుగా ఎంచుకుంది. వ్యాపారం కోసం కాక పంచే కోడ్‌ను అది మినహాయించింది. ఓపెన్ సోర్స్‌ను పోషించే ఫౌండేషన్లకు తక్కువ బాధ్యతలతో ప్రత్యేక వర్గం పెట్టింది. ఇతరుల కోడ్‌ను తన ఉత్పత్తిలో కలుపుకున్న తయారీదారు దానికీ తానే పూచీ పడాలి. దాడులకు గురవుతున్న లోపాలను తెలపాలన్న నియమం 2026 సెప్టెంబరు 11 నుంచి, మిగతా ప్రధాన నియమాలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. యూరప్ మార్కెట్‌లో తమ పేరుతో సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు అమ్మే హైదరాబాద్, విశాఖపట్నం సంస్థలకూ ఇవి వర్తిస్తాయి.